టీచర్లకు గ్రాట్యుటీ ఉండదన్నారు

పదేళ్ల ఎనిమిది నెలలు ఒకే ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పాను. 2023లో మానేశాక గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు చేసిన ఏళ్లను బట్టి యాజమాన్యం ఇవ్వాల్సిన సొమ్ము సంగతి అడిగితే కరస్పాండెంటుగారు నవ్వేశారు. "టీచర్లకు అవన్నీ ఉండవమ్మా, ఫ్యాక్టరీ వాళ్లకి" అన్నారు.

ఒకప్పుడు ఆ మాట నిజమే. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం కింద ఉపాధ్యాయులు ఉద్యోగుల లెక్కలోకి రారని 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. పార్లమెంటు 2009లో ఆ నిర్వచనం మార్చి, 1997 ఏప్రిల్ 3 నుంచే వర్తించేలా చేసింది. దానిమీద యాజమాన్యాలు మళ్లీ కోర్టుకెక్కితే, సవరణ చెల్లుతుందని 2022 ఆగస్టులో తీర్పొచ్చింది. మా సారు మాత్రం 2004 దగ్గరే ఆగిపోయారు. ఆగితే లాభమున్న చోటే ఆగారనుకోండి!

ముందు యాజమాన్యానికి ఫారం-ఐ, అంటే గ్రాట్యుటీ ఇవ్వమని అడిగే దరఖాస్తు, రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. 30 రోజుల్లోపు డబ్బివ్వాలి. ఉలుకూ పలుకూ లేదు. అప్పుడు జిల్లా లేబర్ ఆఫీసుకెళ్లి ఫారం-ఎన్, అంటే యాజమాన్యం ఇవ్వట్లేదని పెట్టుకునే దరఖాస్తు, ఇచ్చాను. చట్టం కేంద్రానిదే అయినా, మాలాంటి స్కూళ్ల మీద దాన్ని అమలుచేసేది రాష్ట్ర కార్మిక శాఖే. అక్కడి అసిస్టెంట్ కమిషనర్‌కే విచారించి ఉత్తర్వులిచ్చే అధికారం ఉంది. సెక్షన్ క్లర్కు నా కాగితాలు తిరగేసి, "పోస్టు రసీదు, అక్నాలెడ్జ్‌మెంటు కార్డు ఏవి టీచరుగారూ? అవి పెట్టండి ముందు" అన్నారు. పెట్టాను. వకీలును పెట్టుకోలేదు.

వాయిదాల గురించి చెప్పడానికేం లేదు, ఎక్కడైనా ఉండేవే. అసలు గొడవ వేసవి సెలవుల దగ్గర వచ్చింది. మా స్కూల్లో ఏటా ఏప్రిల్ ఆఖర్న రిలీవ్ చేసినట్టు రాసుకుని, జూన్‌లో కొత్త అపాయింట్‌మెంట్ లెటరు ఇచ్చేవాళ్లు. మే నెల జీతం ఉండదు. "ఈమెది ఏ ఏడుకా ఏడు ఉద్యోగం సార్, గ్రాట్యుటీకి కావలసినట్టు వరసగా ఐదేళ్లు ఎక్కడ చేసింది?" అని వాళ్ల వకీలు వాదించాడు. నేను పీఎఫ్ పాస్‌బుక్ ప్రింటు బల్లమీద పెట్టాను. మొదటి ఏడాది నుంచి చివరి నెల దాకా ఒకటే మెంబర్ ఐడీ. ఒక్కసారి కూడా ఉద్యోగం వదిలిన తేదీ వెయ్యలేదు. దానికితోడు ఏడాదిలో 240 రోజులు పనిచేస్తే చాలు, చట్టం దృష్టిలో అది నిరంతర సర్వీసే. జూన్ నుంచి ఏప్రిల్ దాకా ఆ లెక్క సులువుగా దాటుతుంది. అధికారి ఆ ప్రింటు చూసి, "మీ అటెండెన్స్ రిజిస్టర్లు తెండి" అని వాళ్లనడిగారు. అవి చివరిదాకా రాలేదు.

లెక్క చిన్నదే. నా ఆఖరి జీతం 20,800, అందులో అలవెన్సులేమీ లేవు. దాన్ని 26తో భాగించి 15తో హెచ్చిస్తే ఏడాదికి 12,000. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాది కింద లెక్క కాబట్టి పదకొండేళ్లకు 1,32,000. ఆలస్యానికి ఏటా 10 శాతం సాధారణ వడ్డీ కలిపి చెల్లించమని ఉత్తర్వు వచ్చింది.

అప్పీలుకు పోతారేమో అనుకున్నాను. పోవాలంటే ముందు గ్రాట్యుటీ సొమ్మంతా డిపాజిట్ చెయ్యాలి. చెల్లించకుండా కూర్చుంటే కలెక్టరు ద్వారా భూమిశిస్తు బకాయిలాగా వసూలు చేస్తారు. ఈ రెండూ వాళ్ల వకీలు విడమర్చి చెప్పినట్టున్నాడు, డీడీ వచ్చింది.

నాది పాత చట్టం కింద నడిచిన కేసు. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది. అందులో నిర్ణీత కాలానికి తీసుకున్న ఉద్యోగికి ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ ఉంది. ఏటా జూన్‌లో కొత్త లెటరిచ్చే స్కూళ్లు ఇప్పుడేం వాదిస్తాయో చూడాలి.