అదే ప్రశ్న, రెండోసారి

పొద్దున్న ఐదింటికి మెలకువ వచ్చింది. నాన్న ఇంకా నిద్రలోనే ఉన్నారు. ఈ అరగంట దాటితే రోజంతా నాకంటూ టైమ్ దొరకదు, అందుకే ముఖం కడుక్కుని బైబిల్ తీసుకుని ఆయన మంచం పక్కనే కూర్చున్నాను. ఈ నెలంతా రాజుల గ్రంథాలు చదువుతున్నాను, రోజుకో అధ్యాయం చొప్పున. కళ్లు మూసుకుని ఏదో ఒక పేజీ తెరిచి, వేలు పడ్డ వచనమే ఈ రోజుకి దేవుడిచ్చిన మాట అనుకోవడం నాకు నచ్చదు. అలా చేస్తే మనకు కావాల్సిన మాట దొరికేదాకా పేజీలు తిప్పుతూనే ఉంటాం. వరసగా చదివితే మనం వెతకని మాట కూడా ఎదురొస్తుంది.

ఇవాళ మొదటి రాజులు 19వ అధ్యాయం. ఏలీయా ప్రవక్త, తనని చంపిస్తానన్న యెజెబెలు రాణికి భయపడి అరణ్యంలోకి పారిపోయి, బదరీవృక్షం కింద కూర్చుని, ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అని అడిగే చోటు. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు విన్నానో. చదివాను, మూసేశాను, ఏమీ అనిపించలేదు. తర్వాత ప్రార్థన చేశాను, అది కూడా రోజూ చేసేదే. ప్రభువా, నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను, నాకు ఓపిక లేదు, ఎవరికీ పట్టలేదు. నాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది, ఈ ఎనిమిది నెలలూ నా ప్రార్థన ఇదే.

పదకొండింటికి తమ్ముడు ఫోన్ చేశాడు, ఈ ఆదివారం రావడం కుదరదట. సరేలే అన్నాను, అన్నాక ఫోన్ మంచం మీద గట్టిగా పడేశాను. అప్పుడే నాన్న దుప్పటి మార్చాలి. ఆయన్ని ఎడమ పక్కకి ఒత్తిగించి, పాత దుప్పటిని వీపు దాకా చుట్టి, కొత్తదాన్ని సగం పరిచి, ఆ చుట్టల మీదుగా మెల్లగా ఇటు తిప్పి, అవతలి నుంచి లాగాలి. ఇద్దరుంటే రెండు నిమిషాల పని. ఒక్కదాన్నే కాబట్టి ఒక చేత్తో ఆయన భుజం పట్టుకుని, ఇంకో చేత్తో లాగుతూ, పళ్లు బిగించి, ఎప్పుడూ ఇంతే, నేనొక్కదాన్నే, ఎవరికీ పట్టదు అని గొణుక్కున్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో చెయ్యి ఆగిపోయింది. పొద్దున్న ప్రార్థనలో అన్నది కూడా ఇవే మాటలు కదా.

నాన్నని సరిగ్గా పడుకోబెట్టి మళ్లీ బైబిల్ తీశాను. గుహలో ఉన్న ఏలీయాని దేవుడు అడుగుతాడు, "ఏలీయా, యిచ్చట నీవేమి చేయుచున్నావు?" అతను తన గోడు చెప్పుకుంటాడు, నేను ఒక్కడినే మిగిలాను, నన్ను కూడా చంపాలని చూస్తున్నారు అని. తర్వాత పెనుగాలి, భూకంపం, మెరుపు, వాటిలో వేటిలోనూ ఆయన లేడు. చివరికి "మిక్కిలి నిమ్మళముగా మాటలాడు ఒక స్వరము." ప్రసంగాలన్నీ ఈ స్వరం దగ్గరే ఆగుతాయి, నేనూ ఎప్పుడూ అక్కడే ఆగేదాన్ని. కానీ ఆ తర్వాత దేవుడు మళ్లీ అదే ప్రశ్న అడుగుతాడు, ఏలీయా మళ్లీ అదే జవాబు ఇస్తాడు. 10వ వచనాన్నీ 14వ వచనాన్నీ పక్కపక్కన పెట్టి చూశాను, చెప్పిన సంగతి ఒక్కటి కూడా మారలేదు. అంత చూశాక కూడా!

ఇంకొకటి కూడా ఇవాళే కళ్లబడింది. ముందు అధ్యాయంలో రాజు ఇంటి అధికారి ఓబద్యా, తాను 100 మంది ప్రవక్తల్ని యాభై యాభై మందిగా గుహల్లో దాచి పోషించానని స్వయంగా ఏలీయాకే చెప్పాడు. అంటే తను ఒక్కడే కాదని ఏలీయా అప్పటికే విన్నాడు. అలసట అంత గట్టిది, విన్నది కూడా గుర్తుండనివ్వదు. దేవుడు అతన్ని కోప్పడలేదు, అబద్ధం చెప్తున్నావు అని కూడా అనలేదు. చెయ్యాల్సిన పని చెప్పి, ఇశ్రాయేలులో ఇంకా 7,000 మంది ఉన్నారని చెప్పాడు, అంతే.

కుర్చీలో అలాగే కూర్చుండిపోయాను. మంగళవారం, గురువారం పక్కింటి అక్క రెండేసి గంటలు నాన్న దగ్గర కూర్చుంటుంది, ఆ టైమ్‌లోనే నేను బయటి పనులు చూసుకునేది. సంఘంలో ఒక పెద్దాయన ప్రతి వారం వచ్చి నాన్నకి గడ్డం గీసి వెళ్తారు. మందుల డబ్బు నెల మొదటి రోజునే పంపేది ఆ రానన్న తమ్ముడే. ఇవన్నీ నాకు తెలియనివి కావు. ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా వీటిని ప్రార్థనలో చెప్పలేదు.

దేవుని సన్నిధి అంటే కన్నీళ్లు రావాలి, ఒళ్లు పులకరించాలి అనుకునేదాన్ని, అవి లేని రోజు ఆయన రాలేదేమో అని దిగులుపడేదాన్ని. ఇవాళ అవేవీ లేవు. కానీ నీవేమి చేయుచున్నావు అని నన్నే ఎవరో అడిగినట్టు ఎంత స్పష్టంగా ఉందంటే, గదిలో మూడో మనిషి ఉన్నట్టే ఉంది. ఇది నా ఊహేనా అని కూడా ఆలోచించాను. నా మనసైతే నన్ను ఇలా అడగదు, అది పొద్దుటి నుంచీ నా పక్షానే మాట్లాడుతోంది.

తమ్ముడికి ఫోన్ చేసి, ఇందాక విసురుగా మాట్లాడాను, ఏమనుకోకు అన్నాను. వాడు కాసేపు ఏమీ అనలేదు, తర్వాత నాన్నకి ఫోన్ ఇవ్వక్కా అన్నాడు.

రాత్రి నాన్నకి ఇదే అధ్యాయం పైకి చదివి వినిపించాను. ఇప్పుడు ఆయన మాట మెల్లగా, ముద్దముద్దగా వస్తుంది, కానీ వినడం మాత్రం బాగా వింటారు. దూత రెండోసారి వచ్చి ఏలీయాని తట్టి, "నీ శక్తికి మించిన ప్రయాణము నీకు సిద్ధమై యున్నది, నీవు లేచి భోజనము చేయుము" అనే దగ్గరికి వచ్చేసరికి ఆయన ఎడమ చెయ్యి ఎత్తి ఆపమన్నట్టు ఊపారు. అర్థం కాలేదేమో, మళ్లీ చదవాలేమో అనుకున్నాను.

"నువ్వు తిన్నావా అమ్మా?" అన్నారు.

తినలేదు. బైబిల్ ఆయన దిండు పక్కన పెట్టి, లేచి వంటింట్లోకి వెళ్లాను.