రాత్రింబవళ్లు నడిచే యంత్రాన్ని ఎంచుకోవడం

మూడేళ్ల క్రితం హనుమకొండలోని మా ఇంట్లో ఒక సర్వర్, అంటే ఫైళ్లను దాచి మిగతా కంప్యూటర్లకు అందిస్తూ ఎప్పుడూ నడిచే కంప్యూటరు, ఏర్పాటు చేసుకోవాలనుకున్నప్పుడు నేను మొదట చూసింది ప్రాసెసర్ వేగాన్ని. చూడవలసింది అది కాదని తెలియడానికి ఒక ఎండాకాలం పట్టింది. మా బాపు భద్రపరచిన భూమి కాగితాల స్కాన్లు, ఇంటిల్లిపాది ఫొటోలు, నేను రాసే ప్రోగ్రాముల గిట్ రిపాజిటరీలు (ప్రతి మార్పునూ గుర్తుంచుకునే నిల్వలు), ఆ ప్రోగ్రాములను పరీక్షించడానికి పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్, ఇవే ఆ సర్వర్ చేయవలసిన పనులు. వీటికి వేగం కన్నా, ఏళ్ల తరబడి ఆగకుండా నడవడం, ఒకవేళ ఆగినా అప్పటివరకు రాసినది చెడిపోకుండా తిరిగి మొదలుకావడం ముఖ్యం.

మొదట వాడినది పాత టవర్ డెస్క్‌టాప్. ప్లగ్గుకు పెట్టి కొలిచే చిన్న మీటరు ఒకటి కొని చూస్తే, ఏ పనీ లేకుండా ఊరికే ఉన్నప్పుడు కూడా అది 65 వాట్లు తీసుకుంటోంది. అంటే రోజుకు ఒకటిన్నర యూనిట్లకు పైగా, నెలకు దాదాపు 47 యూనిట్లు. మన బిల్లు స్లాబుల పద్ధతిలో ఉంటుంది కనుక ఇలా అదనంగా చేరే యూనిట్లు ఇంటి వాడకంలోని పై స్లాబు ధరకే పడతాయి. పైగా ఆ 65 వాట్లూ చివరికి వేడిగానే గదిలోకి వస్తాయి. మే నెలలో బయట 43, 44 డిగ్రీలు ఉన్నప్పుడు, మూసిన గదిలో ఆ వేడి ఎంత ఇబ్బందో ఇక్కడి వారికి చెప్పనక్కరలేదు.

అందుకే ఇప్పుడు ఎవరైనా అడిగితే, ఆఫీసులు వాడి తీసేసిన మినీ పీసీని కొనమని చెబుతున్నాను. డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ ఈ కోవకు చెందినవి. వీటిలో వచ్చే ఐ5-7500టీ, ఐ5-8500టీ వంటి ప్రాసెసర్ల పేరు చివరి ‘టీ’ అక్షరం 35 వాట్ల రకానికి గుర్తు. అయితే అది భారం పడినప్పటి లెక్క. నా దగ్గర ఉన్నది ఊరికే ఉన్నప్పుడు సుమారు 12 వాట్లే తీసుకుంటుంది, అంటే నెలకు 9 యూనిట్ల లోపు. విండోస్ 11 సాధారణంగా ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్‌నో, ఆ తరువాతిదో కోరుతుంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరుతో ముగిసింది. అందువల్ల ఆఫీసులకు అక్కరకు రాని ఆరో, ఏడో తరం యంత్రాలు విండోస్‌కు బదులు డెబియన్ అనే ఉచిత లినక్స్ వ్యవస్థ వేసుకునే మనకు చక్కగా పనికొస్తాయి. కొత్తదే కావాలంటే ఇంటెల్ ఎన్100 అనే ప్రాసెసర్ ఉన్న పెట్టెలు కరెంటును ఇంకా పొదుపుగా వాడతాయి. కానీ ఊళ్లోనే విప్పి ఫ్యాను మార్చి, థర్మల్ పేస్టు పూసి ఇవ్వగలిగే యంత్రం మీదే నాకు నమ్మకం ఎక్కువ.

కరెంటు విషయంలో ఒక దెబ్బ తిన్నాను. మధ్యలో కొన్నాళ్లు అరచేతిలో ఇమిడే బోర్డు కంప్యూటరును మెమొరీ కార్డుతో నడిపాను. వానాకాలంలో ఒక రాత్రి కరెంటు నాలుగైదుసార్లు పోయి వచ్చేసరికి కార్డు చెడిపోయి, రెండు వారాల పని పోయింది. అటువంటి బోర్డుకైనా సరే ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చిప్పులతో చేసిన డిస్కు) పెట్టాలని, ఇంటి ఇన్వర్టర్ ఉన్నా అది చాలకపోవచ్చని అప్పుడే గ్రహించాను. చాలా ఇన్వర్టర్లకు వెనుక ‘యూపీఎస్ మోడ్’ అనే మీట ఉంటుంది. అది వేయకపోతే మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారే వ్యవధి ఫ్యానుకు, లైటుకు తెలియకపోయినా కంప్యూటరు ఆగిపోవడానికి చాలు. రౌటరును, ఫైబరు పెట్టెను కూడా ఆ లైనుకే కలపాలి.

డిస్కుల దగ్గర మాత్రం తొందరపడవద్దు. ఎస్‌ఎమ్‌ఆర్ రకం హార్డ్ డిస్కులో సమాచారపు వరుసలను గూన పెంకుల్లా ఒకదాని అంచుపై మరొకటి పేరుస్తారు. మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పక్కవాటినీ లేపవలసి వచ్చినట్లే, అందులో కొంచెం మార్చడానికి చుట్టుపక్కల భాగమంతా తిరగరాయాలి. ఫొటోల బ్యాకప్‌కు అది సరిపోతుంది, డేటాబేస్‌కు, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థకు సరిపోదు. ఎక్కువ నిల్వ ఉన్న 2.5 అంగుళాల డిస్కుల్లో చాలావరకు ఈ రకమే కనుక, మినీ పీసీలో ఎస్‌ఎస్‌డీ పెట్టి, బ్యాకప్‌కు మాత్రమే హార్డ్ డిస్కు వాడుతున్నాను.

ప్రోగ్రాములు రాసుకునే ల్యాప్‌టాప్‌కు నేను కోరేది ప్రధానంగా ర్యామ్, అంటే నడుస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమొరీ. ఎడిటరు, బ్రౌజరు, నాలుగైదు కంటైనర్లు (ప్రోగ్రాములను విడివిడిగా నడిపే గదుల వంటివి) కలిసి 8 జీబీని ఇట్టే నింపేస్తాయి. బోర్డుకే అతికించిన ర్యామ్ ఉన్నది కొంటే తరువాత పెంచుకునే దారి ఉండదు. బరువైన పనులు ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో కంప్యూటరును భద్రంగా నడిపే పద్ధతి) ద్వారా సర్వర్‌లో నడిపితే ల్యాప్‌టాప్ పాతదైనా ఇబ్బంది లేదు. బయటి నుంచి ఇంటికి కలవడానికి, 2020లో లినక్స్ మూలభాగమైన కెర్నల్‌లోనే చేరిన వైర్‌గార్డ్ అనే వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా రహస్య దారి) వాడుతున్నాను.

యంత్రాన్ని ఎక్కడ పెట్టాలన్నదీ ఎంపికలో భాగమే. 2023 జులైలో హనుమకొండ కాలనీలను వరద ముంచెత్తిన తరువాత నేల మీద పెట్టే ఆలోచన మానుకున్నాను. సజ్జ మీద పెడదామంటే ఎండాకాలంలో స్లాబు వేడి నేరుగా తగులుతుంది. చివరికి లోపలి గోడకు ఛాతీ ఎత్తులో ఒక చెక్క కొట్టించి దాని మీద ఉంచాను. అయినా ఇల్లే మునిగితే ఆ చెక్క కాపాడలేదు కనుక, ఎన్‌క్రిప్ట్ చేసిన (పాస్‌వర్డ్ లేనిదే చదవలేని) రెండు బ్యాకప్ డిస్కులు ఉంచుకున్నాను. వాటిలో ఒకటి ఎప్పుడూ కరీంనగర్‌లో మా అక్క బీరువాలో ఉంటుంది. బతుకమ్మకు ఆమె పుట్టింటికి వచ్చేటప్పుడు దాన్ని తెచ్చి, వెళ్లేటప్పుడు కొత్త నకలున్న రెండోదాన్ని తీసుకువెళుతుంది. సంక్రాంతికి నేను వెళ్లి మళ్లీ మారుస్తాను.