స్ట్రెచర్ మీద 19 గంటలు

మొదట నడుం నొప్పి అనుకున్నాను. రెండు రోజులు కుడి డొక్కలో పోటు, మూడో రోజు సాయంత్రానికి చలి. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి. ఆ రోజు పొద్దుటి నుంచి మూత్రం సరిగ్గా రాలేదన్న సంగతి ఎవరికీ చెప్పలేదు, చెప్పాల్సిన సంగతి అని కూడా నాకు తోచలేదు. రాత్రి పదింటికి నా మాటలు పొంతన లేకుండా ఉన్నాయని అక్క కనిపెట్టింది. "లే, ముందు ఆసుపత్రికి పద" అని లాక్కెళ్లింది.

ప్రభుత్వ ఆసుపత్రి ఎమర్జెన్సీ కిటకిటలాడుతోంది. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ బల్ల దగ్గర నర్సు నా మణికట్టు పట్టుకుని నిమిషం సేపు మాట్లాడకుండా నిలబడింది. నాడి చూస్తోందనుకున్నాను. ఆమె చూసింది నా ఛాతీని. నాడి పట్టుకున్నట్టే ఉండి ఊపిరి లెక్కపెడతారట. లెక్కపెడుతున్నారని తెలిస్తే మనకు తెలియకుండానే ఊపిరి తీరు మారిపోతుంది కదా. నిమిషానికి 30. బీపీ 84/50. "డాక్టర్ గారూ, ఈమెను ముందు చూడండి" అన్న ఆ కేక నాకు ఇప్పటికీ వినపడుతుంది.

మూత్రనాళంలో రాయి అడ్డం పడింది. దాని వెనక నిలిచిన మూత్రంలో ఇన్ఫెక్షన్ పెరిగి రక్తంలోకి పాకింది. సెప్సిస్ అన్నారు. ఇన్ఫెక్షన్‌ మీద శరీరం చేసే పోరాటం అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసే స్థితి అది. బీపీ ఇలా పడిపోయినప్పుడు గంటలోపే యాంటీబయాటిక్ పడాలన్నది ఎక్కడైనా డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి నా రక్తం తీసి, 40 నిమిషాల్లో మందు ఎక్కించారు. తెల్లవారుజామున స్టెంట్ అనే సన్నటి గొట్టం వేసి మూత్రానికి దారి చేశారు. ఇంతవరకూ ఆ ఆసుపత్రిని వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

కష్టం ఆ తర్వాత మొదలైంది. ఐసీయూలో మంచం లేదు. స్టెంట్ వేశాక నన్ను మళ్లీ ఎమర్జెన్సీకే తెచ్చి, గోడ పక్కన స్ట్రెచర్ మీదే ఉంచారు. నా కేస్ షీట్ ల్యాబ్‌కీ థియేటర్‌కీ తిరుగుతుంటే, ఆ నర్సు తెల్ల ప్లాస్టర్ ముక్కల మీద టైమ్, బీపీ రాసి స్ట్రెచర్ కమ్మీకి అంటించింది. తెల్లారేసరికి ఎనిమిది ముక్కలు. పొద్దున డ్యూటీ మారింది. రెండు గంటలు ఎవరూ రాలేదు. బీపీ మళ్లీ జారిపోయింది. అక్క అరిస్తే గానీ మనుషులు కదల్లేదు. వాళ్లను తిట్టుకోలేను. అటు నుంచి ఇటు దాకా స్ట్రెచర్లే, చూసే నర్సులు ఇద్దరే.

పక్క స్ట్రెచర్ మీద ఒక పెద్దాయనకు వెంటిలేటర్ దొరకలేదు. కుర్ర హౌస్ సర్జన్ చేత్తో అంబు బ్యాగ్ అనే గాలి సంచి నొక్కుతూ ఊపిరి అందిస్తున్నాడు. అక్క అతనికి మంచినీళ్లు ఇస్తే, 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చినప్పుడు వైద్య విద్యార్థులు వంతులవారీగా ఇలాగే వారాల తరబడి నొక్కారనీ, ఐసీయూ అనేది అక్కడి నుంచే పుట్టిందనీ చెప్పాడట. చెబుతున్నంతసేపూ చెయ్యి ఆపలేదని అక్క ఇప్పటికీ అంటుంది.

"పైన మంచం ఎప్పుడు ఖాళీ అవుతుంది బాబూ?" అని అక్క అడిగితే అతను చెప్పిన జవాబుతోనే ఆసుపత్రి జబ్బు నాకు అర్థమైంది. ఐసీయూలో ఇద్దరికి నయమైంది, కానీ వార్డులో చోటు లేదు. వార్డులో కొందరికి వైద్యం అయిపోయింది, కానీ ఇంటి దగ్గర చూసుకునేవాళ్లు లేరు. అక్కడ ఆగిన వరస కింద నా స్ట్రెచర్ దాకా వచ్చింది. గుమ్మం దగ్గర రద్దీ చూసి ఎమర్జెన్సీని పెద్దది చేస్తే సరిపోతుందనుకుంటారు. స్ట్రెచర్లకు చోటు పెరుగుతుంది, అంతే.

లోపలికి వచ్చిన 19 గంటలకు నాకు ఐసీయూ మంచం దొరికింది. అక్కడ ఐదు రోజులు, తర్వాత వార్డులో తొమ్మిది. చివరి మూడు రోజులు నేను లేచి తిరుగుతూనే ఉన్నాను. రోజుకొక ఇంజెక్షన్ మిగిలింది, ఇంటికొచ్చి వేసే ఏర్పాటు లేదు. ఆ ఒక్క సూది కోసం, కింద ఎవరికో కావాల్సిన మంచం మీద నేను కూర్చున్నాను. ఆ మూడు రోజులు నన్ను తినేశాయి. కొన్ని దేశాల్లో ఇలాంటివాళ్లను ఇంట్లోనే ఉంచి, నర్సు రోజూ వచ్చి చూస్తూ, ఆసుపత్రి వైద్యం ఇంటికే అందిస్తున్నారు. నా దృష్టిలో అత్యవసర వైద్యం ముందుగా బాగుపడాల్సింది ఇక్కడే. మానిటర్లు, కంప్యూటర్లు రావాలి, కాదనను. అవి మోగితే పరుగెత్తుకొచ్చే మనిషి కూడా ఉండాలి కదా.

2017 ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో దాదాపు 4.9 కోట్ల మందికి సెప్సిస్ వచ్చిందనీ, 1.1 కోట్ల మంది పోయారనీ అంచనా. బతికి బయటపడ్డవాళ్లకు ముందు ముందు ఏమవుతుందో డిశ్చార్జ్ కాగితం మీద నాకైతే ఎవరూ రాయలేదు. నాలుగు మెట్లు ఎక్కితే కాళ్లు వణికేవి. తెలిసిన మాటలు నోటికి అందేవి కావు. మూడో నెలలో జుట్టు గుప్పెళ్లతో ఊడింది. ఏదో కొత్త రోగమని ఏడ్చాను. పెద్ద జబ్బు తర్వాత ఇలా అవుతుందనీ, మళ్లీ వస్తుందనీ రివ్యూలో డాక్టరమ్మ చెప్పాక టెన్షన్ తగ్గింది. రాయి తీసి, స్టెంట్ తొలగించారు. మామూలు మనిషిని కావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అక్క థర్మామీటర్‌తో పాటు గడియారం కూడా తెస్తుంది. మణికట్టు పట్టుకుని ఛాతీ వైపు చూస్తుంది. నిమిషం నిండేదాకా ఎవరినీ మాట్లాడనివ్వదు.