వైజాగ్‌లో ఆ కచేరీ ఎవరైనా పెడితే బాగుణ్ణు

పర్యావరణం కోసం సంగీత కార్యక్రమం అంటే నాకు ముందు గుర్తొచ్చేది సంగీతం కాదు, ఫ్లెక్సీ. వేదిక వెనక పచ్చటి చెట్టు బొమ్మ, ముఖ్య అతిథికి ప్లాస్టిక్ చుట్టిన బొకే, కుర్చీకో నీళ్ల బాటిల్, ఆపైన తెగని ఉపన్యాసాలు. మన ఊళ్లో ఇలాంటివి చూసీ చూసీ విసుగొచ్చింది. అందుకే 2019లో జర్మనీలోని హాంబర్గ్‌లో చేసిన పని గురించి చదివితే ఈర్ష్య పుట్టింది.

ఇటలీ సంగీతకర్త వివాల్డి రాసిన 'ఫోర్ సీజన్స్' 1725లో అచ్చయింది. రుతువుకొకటి చొప్పున నాలుగు వయొలిన్ కన్చెర్టోలు (ఒక వయొలిన్ ముందు నడుస్తుంటే మిగతా వాద్యాలు వెనక సాగే రచనలు), పిట్టలు ఎక్కడ కూస్తాయో ఉరుములు ఎక్కడ మొదలవుతాయో చెప్పే పద్యాలతో సహా. హాంబర్గ్‌లో ఎన్‌డీఆర్ ఎల్బ్‌ఫిల్‌హార్మోనీ ఆర్కెస్ట్రా వాళ్లు ఏం చేశారంటే, అప్పటికీ ఇప్పటికీ వాతావరణం ఎంత మారిందో ఆ లెక్కలు తీసుకుని, వాటి ప్రకారం కంప్యూటర్‌తో ఆ స్వరాలనే మార్పించి వాయించారు. లోకంలో పిట్టలు తగ్గాయి కదా, వసంతంలో వాటి కూతలూ తగ్గించేశారు. అంతే. వయొలినే చెప్పేసింది, ఇంక మైకెందుకు?

అసలు ఆ 'వేసవి' చివర్లో గాలివాన వస్తుంది చూడండి, వయొలిన్లన్నీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. 2014 అక్టోబర్ 12 ఆదివారం వైజాగ్‌లో తలుపులు బిగించుకుని కూర్చున్న వాళ్లకి అది వేరేగా వినపడుతుంది. మర్నాడు వీధిలోకి వస్తే కూలిన చెట్లు, నీడ లేని రోడ్లు. హుద్‌హుద్ చూసినవాళ్లకి తుఫాను గురించి ఉపన్యాసం ఇచ్చేదేముంది?

ఐతే ఇక్కడ చేయాలంటే వివాల్డినే పట్టుకోనక్కర్లేదు. హాంబర్గ్‌లో ఆ పని పండింది వాళ్ల చెవులకి అసలు బాణీ బాగా తెలుసు కాబట్టి. మనకి అమృతవర్షిణి రాగం ఉంది. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురంలో ఆ రాగం పాడితే వాన కురిసిందని చెప్పుకుంటారు. నిజమో కాదో పక్కన పెట్టండి, ఆ రాగంలో ఉన్నవే ఐదు స్వరాలు, పాడుతూ పాడుతూ అందులో ఒకటి మాయమైపోతే ముందు వరసలో పెద్దాయనలు కుర్చీల్లో కుదురుగా ఉండగలరా! ద్వారం వెంకటస్వామినాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన సంగీత కళాశాల పక్కనే విజయనగరంలో ఉంది, వయొలిన్ వాళ్లకి ఈ ప్రాంతంలో కరువా?

ఇంకో సంగతి. వయొలిన్ కమానుకి పేరున్న చెక్క బ్రెజిల్ అడవుల్లోని పెర్నాంబుకో చెట్టుది, అది అంతరించిపోయేలా ఉందని 2007 నుంచి అంతర్జాతీయ వ్యాపారం మీద ఆంక్షలున్నాయి. మన బొబ్బిలి వీణకి పనస దుంగ కావాలి. కాబట్టి ఎవరో ఒకరు మాట్లాడి తీరాలంటే ఆ వీణలు చేసేవాళ్లని పిలవండి. చెక్క ఎక్కణ్ణుంచి తెస్తున్నారో, ఎంతకి కొంటున్నారో చెప్పమనండి. వాళ్లు గంట మాట్లాడినా నేను కదలను.