14 శాతం గోల

టైమెంతయిందో చూడను, చూస్తే పడుకోవాలనిపిస్తుంది. తమ్ముడి మీద కోపం ఇంకా దిగలేదు కాబట్టి ఇక్కడ కక్కేస్తున్నా, మీకు అలవాటే కదా.

నా బీరువాల ప్రోగ్రామ్ (అదే, ఇంకా పేరు పెట్టంది) ఇప్పుడు ప్లైవుడ్ షీటు మీద ఏ ముక్క ఎక్కడ కోయాలో బొమ్మ గీసి చూపిస్తోంది. వెడల్పు, ఎత్తు, లోతు, ఎన్ని అరలు, ఎన్ని సొరుగులు అని అడుగుతుంది, చెప్తే పక్క పలకలు, అడుగు, పైది, వెనకది, తలుపులు అన్నీ లెక్కేసి లిస్ట్ ఇస్తుంది. ఆ బొమ్మ కింద ఓ మూల చిన్న అక్షరాల్లో "వేస్ట్ 14 శాతం" అని పెట్టా. ఎందుకు పెట్టానంటే లెక్క ఎలాగూ చేతిలో ఉంది కాబట్టి పెట్టా, అంతకంటే ఏం లేదు.

సాయంత్రం, దాంతోనే బీరువా చేసుకుంటున్న తమ్ముడి ఫోను. "అక్కా, 14 శాతం అంటే షీటులో ఏడో వంతు తుక్కులోకేనా?" అవున్రా అన్నా. "తగ్గించవా మరి? ముక్కల్ని అటూ ఇటూ జరిపితే సరిపోద్ది కదా, కంప్యూటరే కదా చేసేది."

కంప్యూటరే కదా చేసేది అట. ఈ ముక్కల సర్దుబాటు ఎంత మొండి లెక్కో వాడికి చెప్పినా వినడు గానీ మీకు చెప్తా. కాంటరోవిచ్ అని రష్యన్ లెక్కల మాస్టారు, లెనిన్‌గ్రాడ్‌లో ప్లైవుడ్ ట్రస్ట్ వాళ్ళు మా మెషిన్లకి ఏ కలప ఎంతెంత ఇవ్వాలో చెప్పండి అని అడిగితే ఆలోచించడం మొదలుపెట్టి, 1939లో పుస్తకం వేశాడు, అందులో తుక్కు తక్కువ పోయేలా షీట్లు కోయడం గురించి కూడా ఉంది. తర్వాత 1975లో ఆయనకి ఎకనామిక్స్ నోబెల్ వచ్చింది. అంటే మొదలు ప్లైవుడ్ దగ్గరే! ఇప్పటికీ ముక్కలు ఎక్కువయ్యే కొద్దీ ఇదే అన్నిటికన్నా మంచి అమరిక అని తేల్చడం కష్టమైపోతుంది, అందరూ చేసేది పెద్ద ముక్కలు ముందు పెట్టి చిన్నవి సందుల్లో ఇరికించడమే, నాదీ అదే. నోబెల్ దాకా వెళ్ళిన వ్యవహారాన్ని వీడు "అటూ ఇటూ జరిపితే" అంటాడు.

సరే ఊరుకుని ఫోను పెట్టేస్తే ఓ గంటకి మెసేజ్, స్క్రీన్‌షాట్‌తో సహా, "అక్కా నేనే తగ్గించేశా, 9 అయింది" అని. ఎలాగా అని చూస్తే గ్రెయిన్ టిక్ తీసేశాడు. ఆ టిక్ ఎందుకుంటుందంటే ప్లై మీద చారలు ఓ దిక్కుగానే ఉంటాయి, తలుపు ముక్కని అడ్డంగా తిప్పి కోస్తే కొలత సరిగ్గానే వస్తుంది గానీ చారలు పడుకుంటాయి. బొమ్మ పెద్దది చేసి చూశా. పక్కపక్కన రావాల్సిన రెండు తలుపు రెక్కల్లో ఎడమదానికి చారలు నిలువు, కుడిదానికి అడ్డం. ఇంట్లోకొచ్చిన ప్రతివాళ్ళూ ముందు దాన్నే చూస్తారు. వాడికేమో 9 కనపడుతోంది, తలుపులు కనపడట్లేదు.

నాకు మండిందెక్కడంటే ఆ 9 దగ్గర. వాడు చెక్కపని నేర్చుకుందామని మొదలుపెట్టాడా లేక ఆ అంకెతో ఆడుకుందామని మొదలుపెట్టాడా? తర్వాత ఇంకో మెసేజ్, మధ్య అర లోతు 20 మిల్లీమీటర్లు తగ్గిస్తే 8 అవుతోంది, తగ్గించనా అని. ఒరేయ్, ఆ అరలో పెట్టేది ఏంటో చూసి కదా లోతు పెట్టుకోవాలి, షీటులో పట్టేదాన్ని బట్టి బీరువా చేసుకుంటారా ఎవరైనా!

ఇంకో వెబ్‌సైట్‌లో ఇదే లిస్ట్ వేస్తే 6 శాతమే చూపించిందట. ఆ అమరిక కూడా పంపాడు. ముక్కలు ఒకదాని పక్కన ఒకటి బ్రహ్మాండంగా ఒదిగిపోయాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంది, కాకపోతే ఆ షీటుని ఎవ్వరూ కోయలేరు. మన దగ్గరున్న రంపం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా తిన్నగా పోవాలి. మధ్యలో ఆగి పక్కకి తిరిగి మళ్ళీ మొదలుపెట్టడం టేబుల్ సా (బల్లకి బిగించిన రంపం) మీద అయ్యే పని కాదు. ఆ బొమ్మలో మొదటి కోత ఎక్కడ పెట్టినా ఏదో ఒక ముక్క రెండవుతుంది. వాడి చేత నాలుగు చోట్ల గీత గీయించా, నాలుగు చోట్లా అంతే, అప్పుడు గానీ ఒప్పుకోలేదు. పైగా అందులో బ్లేడు తినేసే మందం సున్నా అని ఉంది. 1220 వెడల్పు షీటుని నాలుగు పట్టీలు చేద్దాం, తలా 305 అని కాయితం మీద భేషుగ్గా ఉంటుంది, బ్లేడు కోతకి 3 మిల్లీమీటర్లు తింటుంది, మూడు కోతలకి 9, ఆఖరి పట్టీ 296 వస్తుంది. అర సెంటీమీటరు తక్కువైనా కనపడే చోట దాదాపు సెంటీమీటరు లేదు.

అందుకని ఆ శాతం అంకెని పీకేద్దామని కూర్చున్నా ఇందాక. ఒక్క లైను తీసేస్తే అయిపోయే పని. తీసేశా కూడా.

తీసేశాక మా పెద మావయ్య గుర్తొచ్చాడు. ఆయన గురించి ఇంతకుముందు రాశాను గానీ ఈ కర్ర సంగతి రాయలేదనుకుంటా. మావయ్యది చెక్కపని వృత్తి కాదు, సెలవులిస్తే చాలు అమ్మమ్మ వాళ్ళింట్లో వెనకవైపు రంపం పొట్టు. ఆయన టేపు తీసింది నేనెప్పుడూ చూళ్ళేదు. బీరువా మొదలుపెట్టే ముందు బొటనవేలంత మందంలో ఓ కర్ర తీసుకుని నాలుగు వైపులా చిత్రిక పట్టేవాడు, పట్టి పట్టి దాన్ని అద్దంలా చేస్తే గానీ ముందుకి కదిలేవాడు కాదు, మాకు విసుగొచ్చేది. తర్వాత ఆ కర్రని గోడ దగ్గరకి తీసుకెళ్ళి నిలబెట్టి, కిటికీ అంచు ఎక్కడుందో అక్కడ చాకుతో ఓ గీత, నేల మీద పట్టీ ఎక్కడుందో అక్కడ ఓ గీత. పుస్తకాలు తెచ్చి కర్ర పక్కన నిలబెట్టి అర ఎత్తు గీసేవాడు, అన్నిట్లోకీ పొడుగు పుస్తకం ఏది అని నన్ను వెతికించేవాడు. ఓ వైపు ఎత్తులు, ఇంకో వైపు వెడల్పులు, మూడో వైపు లోతు. పలక మందం గీయాలంటే అంకె కాదు, అసలు పలక ముక్కనే కర్ర మీద ఆనించి రెండు పక్కలా గీసేవాడు.

అమ్మమ్మ "ఎన్నడుగులొస్తుందిరా?" అంటే "ఏమోనే, ఇంత" అని కర్ర చూపించేవాడు. ఆవిడ నవ్వాలో తిట్టాలో తెలీక లోపలికి పోయేది. నేనూ అప్పుడు ఈయనకి లెక్కలు రావేమో అనుకునేదాన్ని. ఆ కర్రని మా పిన్ని కొడుకు కత్తియుద్ధానికి తీసుకెళ్తే మావయ్య వాడి వెంట చెప్పుల్లేకుండా పరిగెత్తాడు, ఆయనకి కోపం రావడం ఆ ఒక్కసారే చూశా. బీరువా అయిపోయాక కర్రని దాని వెనకే మేకుకి తగిలించి ఉంచాడు, అలాంటిదే ఇంకోటి కావాలని పిన్ని అడిగినప్పుడు అదే దింపి మొదలుపెట్టాడు, కొలిచింది మళ్ళీ కొలవలేదు.

ఇప్పుడు తలుచుకుంటే ఆయన అంకెలు ఎందుకు రాసుకోలేదో తెలుస్తోంది. 600 వెడల్పు బీరువాకి అడుగు పలక ఎంత అంటే నా ప్రోగ్రామ్ 600లోంచి రెండు పద్దెనిమిదులు తీసేసి 564 అంటుంది. షీటు మీద 18 అని అచ్చేసి ఉంటుంది, కాలిపర్ (మందం కొలిచే పరికరం) పెడితే 17.4 వస్తుంది. ఒక్క బీరువాకి ఏం కాదు, బయట వెడల్పు మిల్లీమీటరు తగ్గుతుంది, ఎవరు చూడొచ్చారు. నిలువు పలకలు ఐదున్న పొడుగాటి దానికైతే 3 మిల్లీమీటర్లు. గోడల మధ్య ఇరికించే బీరువాకి ఆ పక్కన సందు కనపడిపోతుంది. సొరుగుకైతే ఇంకా తంటా, అది జారే పట్టాలకి మామూలుగా పక్కకి 12.7 మిల్లీమీటర్ల చొప్పున పోతాయి, మిగిలిన దాంట్లోనే పెట్టె, అక్కడ మిల్లీమీటరు అటూ ఇటూ అయితే సొరుగు బిగుసుకుంటుంది, లేకపోతే గడగడలాడుతుంది. అందుకే మందం గడిలో 18 అని నేనే నింపి పెట్టకుండా ఖాళీగా వదిలేశా, కొలిచి కొట్టమని. దాని మీదా తమ్ముడికి కంప్లైంటే, ప్రతిసారీ కాలిపర్ ఎవడు వెతుకుతాడు అని.

ఎక్కడో మొదలుపెట్టి ఎక్కడికో పోయా. మావయ్య కర్ర వల్ల నాకు తట్టింది మందం సంగతి కాదు. ఆయన లోతు గీత పెట్టాక ఆ లోతున్న ముక్కలన్నీ ఒకేసారి కోసేసేవాడు. అన్ని బీరువాలవీ, అరలవీ, ఒకే వరుసలో. టేబుల్ సా మీదా అంతేగా. ఫెన్స్ (ముక్కని ఆనించి తోసే పట్టీ, బ్లేడుకి అది ఎంత దూరంలో ఉంటే ముక్క అంత వెడల్పు) 560 దగ్గర బిగించి పక్కలు రెండూ, అడుగూ, పైదీ వరసగా తోసేస్తే, ఆ ఫెన్స్ నిజంగా 559.4 దగ్గర ఉన్నా సరే, నాలుగూ 559.4 వస్తాయి, బీరువా మూలమట్టంగా నిలబడుతుంది, తేడా ఉందని ఎవ్వరికీ తెలీదు. అదే తుక్కు తగ్గించే అమరిక పట్టుకుంటే ఒక 560 కోసి, ఫెన్స్ జరిపి 396 కోసి, 564 కోసి, మళ్ళీ 560కి వస్తాం. రెండోసారి 560 అంటే 560.7. ఎడమ పక్కా కుడి పక్కా వెంట్రుకవాసి కలవవు, వెనక పలక గాడిలో కూర్చోదు, తలుపు పైన రాసుకుంటుంది. ఫెన్స్ జరిపిన ప్రతిసారీ ఓ కొత్త తేడా పుడుతుంది.

కాబట్టి ఇంట్లో పనిచేసుకునేవాళ్ళకి లెక్కపెట్టాల్సింది తుక్కు కాదు, ఫెన్స్ ఎన్నిసార్లు జరపాలి అన్నది. ఫ్యాక్టరీలో రోజంతా వందల షీట్లు కోసేవాడికి ఆ 14, 9 తేడా జీవన్మరణ సమస్య, ఒప్పుకుంటా. రకాన్ని బట్టి 30 కిలోలు దాటే షీటుని ఒక్కళ్ళమే టేబుల్ మీదకి ఎత్తుకుంటూ వారాంతంలో ఒక్క బీరువా చేసుకునేవాళ్ళకి ఎందుకది?

అని ఆ అంకె ఉన్నచోట "ఫెన్స్ 7 సార్లు" అని పెట్టా. తెగ సంబరపడిపోయా, ముక్కల్ని వెడల్పుల వారీగా పేర్చే కోడు కూడా రాసేశా, లిస్ట్ ప్రింట్ తీస్తే ఇప్పుడు కోసే వరసలోనే వస్తోంది.

ఆ తర్వాత కూర్చుని ఆలోచిస్తే అనుమానమొచ్చింది. తమ్ముడు ఇప్పుడు దీని వెంట పడడా? 7ని 5 చేయడానికి అరలన్నీ ఒకే లోతు చేసేస్తాడు, సొరుగులన్నీ ఒకే ఎత్తు చేసేస్తాడు. ఇందాకేమో షీటుని బట్టి బీరువా చేసుకుంటారా అని తిట్టా, ఇప్పుడు ఫెన్స్‌ని బట్టి చేసుకోమని నేనే దారి చూపిస్తున్నట్టు కదా. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది, ఉందనే అనుకుంటున్నా. తుక్కు కోసం మార్చితే బీరువాలో ఏ రెండు కొలతలూ కలవవు, 283 ఒకటి, 291 ఒకటి. ఫెన్స్ కోసం మార్చితే కొలతలు కలుస్తాయి, అరలు ఒకదాని చోట ఒకటి పడతాయి. మావయ్య బీరువాలో ఏ అరనైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు. అది ఆయన ఆలోచించి చేశాడో, కర్ర మీద గీతలు ఎక్కువైతే చిరాకేసి చేశాడో అడగడానికి ఇప్పుడు ఆయన లేడు.

అయినా తుక్కుని పూర్తిగా వదిలేయడం కూడా నచ్చట్లేదు నాకు. మిగిలిన 14 శాతం ఒకే పెద్ద ముక్కగా మిగిలితే అది తుక్కెలా అవుతుంది, వచ్చేసారి సొరుగు అడుగు అవుతుంది. అదే 9 శాతం చేతి వెడల్పు పేళ్ళుగా మిగిలితే అది నిజంగా తుక్కే. కాబట్టి శాతం తీసేసి, మిగిలిన వాటిల్లో అన్నిట్లోకీ పెద్ద ముక్క కొలత చూపిద్దామా అని ఒక ఆలోచన. రెండూ చూపిద్దామా? మూడంకెలు పెడితే వాడు ఏది పట్టుకుంటాడో. అర బరువుకి వంగే లెక్క కూడా అక్కడే పెట్టా మొన్న (అడుగుకి అంతే బరువేస్తూ అర పొడవు రెట్టింపు చేస్తే 16 రెట్లు వంగుతుంది, సరదాకి పెట్టింది కాదది), ఎర్రగా వెలిగినా వాడు పట్టించుకోలేదు, ఎందుకంటే అక్కడ శాతం లేదు!

అన్నట్టు చెప్పడం మర్చిపోయా, వాడి మొదటి సొరుగు బాగా వచ్చింది, ఒక్క వేలితో తోస్తే వెళ్ళిపోతోంది, వీడియో పంపాడు. బావుంది.

మిగులు ముక్కలు కూడా ప్రోగ్రామ్‌లో ఎక్కించుకోవాలంటే ముందు తలుపు వెనక పేర్చినవి కొలవాలి. ఇది గట్టిగా అనుకుంటుంటే మా ఆయన విని నేను కొలుస్తా అన్నారు, ఆ ముక్కల మీద ఆయనకెంత ప్రేమో మీకు తెలుసు కదా, ఎప్పుడు ఖాళీ చేస్తావని రోజూ అడిగే మనిషి. నిజంగానే కూర్చుని కొలిచారు. ఇందాక టేబుల్ మీద చూస్తే కాయితం, గీతలు కొట్టి, వరస నంబర్లు వేసి, పొడవు ఒక గడి, వెడల్పు ఒక గడి, ముత్యాల్లాంటి అక్షరాలు. మందం రాయలేదు. చారలు ఏ వైపో రాయలేదు. పైగా నంబర్లు కాయితం మీదే ఉన్నాయి, ముక్కల మీద లేవు. పొద్దున లేచాక ఇది ఆయనకి ఎలా చెప్పాలో చూడాలి, మెచ్చుకోలు ముందా కాలిపర్ ముందా.