సవ్తా బదులు నేనున్న ఒక్కపొద్దు

2014 జూలైలో నేను జెరూసలేంలో ఒక ముసలమ్మకు కేర్‌గివర్‌ని. మనుమళ్లు పిలిచినట్టే నేనూ ఆమెను సవ్తా అనేదాన్ని. హీబ్రూలో అమ్మమ్మ అని.

ఆ నెల 15న యూదుల తమ్మూజ్ నెల 17వ రోజు వచ్చింది, వాళ్లకు అది ఉపవాసం. వెనకటికి జెరూసలేం కోటగోడ కూలిన రోజని, వాళ్లు తెల్లవారుజాము నుంచి చుక్కలు పొడిచేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ ఏడు అది రంజాన్‌లో పడింది. గాజాలో యుద్ధం మొదలై వారం. దానికి ముందు ముగ్గురు యూదు పిల్లల్ని ఎత్తుకెళ్లి చంపారు, ఆ వెంటనే పదహారేళ్ల పాలస్తీనా పిల్లాణ్ని చంపారు. శాంతి కోసం ఆ రోజు యూదులూ ముస్లింలూ కలిసి ఉపవాసం ఉండి, జెరూసలేంకు దక్షిణాన వెస్ట్‌బ్యాంక్‌లో ఉన్న గుష్ ఎత్సియోన్ దగ్గర కలిసే విరమిస్తారని తెలిసి సవ్తా తనూ ఉంటానంది. షుగరు, ఇన్సులిను, కాలికి మానని పుండు. డాక్టరు ఒప్పుకోలేదు. జబ్బు మనిషికి ఈ ఉపవాసం అక్కర్లేదని వాళ్ల మతమే చెబుతుంది. అయినా ముసలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. "నీ బదులు నేనుంటా సవ్తా" అనేశాను. అట్లా ఉండొచ్చా లేదా నాకు తెలియదు. పిల్లలు చావొద్దని మొక్కడానికి అది తెలియక్కర్లేదనిపించింది.

మా నిజామాబాద్ దిక్కు ఒక్కపొద్దంటే పాలు, పండ్లు, చాయ్ ఉంటాయి. ఇది అట్లా కాదు. కాలికి కట్టు కట్టడానికి వచ్చే నర్సు తూర్పు జెరూసలేం ముస్లిం. ఆమెనే అడిగాను. "నాలుగు కాకముందే తిను. పెరుగు, దోసకాయ, గుడ్డు. నీళ్లు ఒక్కసారే పోసుకోకు, కొంచెం కొంచెం తాగు. పచ్చడి జోలికి పోకు" అంది.

పదింటికే తల పగిలిపోయింది, చాయ్ లేక. మధ్యాహ్నానికి నాలుక అంగిటికి అతుక్కుంది. ఉప్పు చూడకుండానే వండాను. అన్నిటికన్నా కష్టం సవ్తాకు తినిపించడం. ఇన్సులిన్ ఇచ్చాక తినకపోతే ప్రమాదం, నా ముందు తినాలంటే ఆమెకు సిగ్గు. గోడవైపు తిరిగి నాలుగు ముద్దలు తింది.

పొద్దున తొమ్మిదింటికి కాల్పుల విరమణ అన్నారు. ప్రాణం లేచొచ్చింది. సాయంత్రానికల్లా బాంబులు మళ్లీ మొదలైనయి. టీవీ ఆపేశాను.

సిస్టర్ చివరి డ్యూటీగా మా ఇంటికొచ్చింది. ఎండలో నీళ్లు లేకుండా మూడంతస్తులు ఎక్కింది. కట్టు మార్చాక సవ్తా ఆమె చెయ్యి వదల్లేదు. సిస్టర్ ఇంటికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పింది.

ఏడూ నలభై ఐదు దాటాక దూరంగా అజాన్ వినిపించింది. ఆమె ఒక ఖర్జూరం తిని, నీళ్లు తాగి, పళ్లెం పక్కన పెట్టేసింది. సూర్యుడు మునిగితే వాళ్ల రోజా తీరినట్టే. యూదులకు మాత్రం మూడు చుక్కలు కనబడాలి. మధ్యలో ఇరవై నిమిషాలకు పైనే.

"తిను సిస్టర్" అన్నాను.

"నువ్వు తాగలేదుగా" అంది.

ముగ్గురం బాల్కనీలో కూర్చున్నాం. కార్తీక సోమవారాల్లో మా అమ్మ వాకిట్లో నిలబడి చుక్క కోసం ఎదురుచూసేది. అదే చూపు, అదే ఆకలి. మొదటి చుక్క నేను చూశాను, రెండోదీ నేనే. సవ్తాకు చూపు ఆనదు, "వచ్చిందా, వచ్చిందా" అని అడుగుతూనే ఉంది. మూడోదాన్ని సిస్టర్ చూసింది. వేలెత్తి చూపించి, నీళ్లగ్లాసు నా చేతికిచ్చింది.