మోచేతి దాకా చేతులు

"జాకెట్ చేతులు ఎంత పెట్టమంటావమ్మా?" ఎస్సార్ నగర్ టైలర్ ఆంటీ అడిగినప్పుడల్లా నాది ఒకటే జవాబు, మోచేతి దాకా. లావు చేతులు, ఎడమ చేతి మీద బఠాణీ గింజంత బీసీజీ టీకా మచ్చ. ఎవరికీ కనపడకూడదు.

2025 మే 31న హైటెక్స్‌లో మిస్ వరల్డ్ ఫైనల్. టీవీలో చూస్తూ మా ఎనిమిదేళ్ల పాప బొటనవేలు, చూపుడువేలితో తన చేతిని చుట్టి కొలుచుకుంది. "అమ్మా, నాది కూడా లావేనా?"

గుండె జారిపోయింది. రోజూ అద్దం ముందు నేను చేసేది అదే. మాన్పించాల్సింది పాపని కాదు, నన్ను.

బోనాల జాకెట్‌కి చేతులు పొట్టిగా పెట్టమన్నాను. టేపు పట్టుకుని ఆంటీ మళ్లీ అడిగింది. పొట్టిగానే అన్నాను. గుడిలో ఉన్నంతసేపూ కొంగు లాక్కుంటూనే ఉన్నా. ఇంటికొచ్చాక పాప మచ్చ మీద వేలు పెట్టింది. నా చిన్నప్పుడు టీబీకి వేసిన టీకా అని చెప్పాను. వెంటనే తన చేతి మీద మచ్చ వెతుక్కుని చూపించింది.